బాంబుల మందు కలిసిన నీళ్లకు బెల్లపు మడ్డి వైద్యం!

మాది కొడకండ్ల. నా చిన్నప్పుడు మా బాయిలో బండ అడ్డమొస్తే జిలెటిన్ తూటాలు పెట్టి పేల్చారు. నీళ్లు ఊరాయని అందరం సంబరపడ్డాం. ఆ మందు మిగిలితే ఎటు పోతుందని ఎవరం అడగలేదు. బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, ఇప్పుడు అడుగుతున్నా.

వెతికితే అమెరికాలో పాంటెక్స్ ప్లాంట్ దొరికింది. టెక్సస్‌లో అమరిల్లో దగ్గర 1942లో బాంబుల కోసం కట్టారు. తర్వాత అక్కడే అణ్వాయుధాలు బిగించారు. ఆర్‌డీఎక్స్ కలిసిన మురుగునీళ్లను ఏళ్ల తరబడి కాలువల్లోకి, మడుగుల్లోకి వదిలారు. అది 200-300 అడుగుల లోతులో ఉన్న నీటిపొరలోకి దిగింది. దాని కిందే ఒగల్లాలా ఉంది. ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకున్న నీళ్లు! విషం అక్కడికి దిగితే తాగునీళ్లూ, సాగునీళ్లూ రెండింటికీ ముప్పే. తాగే నీళ్లలో ఆర్‌డీఎక్స్‌కు అమెరికా పర్యావరణ సంస్థ సూచించిన హద్దు లీటరుకు 2 మైక్రోగ్రాములే మరి.

కొంత నీళ్లను పైకి తోడి శుభ్రం చేస్తున్నారు. తోడటం కష్టమైన చోట బోర్లు వేసి నూనె, మొలాసిస్ లోపలికి పంపారు. మొలాసిస్ అంటే చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మడ్డి. బ్యాక్టీరియాను బయటి నుంచి తేలేదు, అవి ఆ మట్టిలోనే ఉన్నాయి! మడ్డి తింటూ ఆక్సిజన్ అంతా వాడేస్తాయి. అది అయిపోయాక ఊపిరి కోసం నైట్రేట్ మీద పడతాయి, ఆర్‌డీఎక్స్‌లోని నైట్రో గుంపులను కూడా పట్టుకుంటాయి. అప్పుడు ఆ అణువు విరిగిపోతుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కొత్త కోడ్ రాయలేదు, పడుకున్న సర్వర్‌కు కరెంట్ ఇచ్చారు.

ఇదేం మ్యాజిక్ కాదు. మేత తగ్గితే పని ఆగుతుంది, ఎక్కువైతే మట్టిలోని మాంగనీస్, ఆర్సెనిక్ కరిగి నీళ్లలోకి వస్తాయి. బోర్లు జిగటపట్టి మూసుకుపోతాయి కూడా. అందుకే ఏళ్ల తరబడి శాంపిళ్లు తీస్తూనే ఉండాలి.

మరి మన బాయి? తూటాల్లో ఎక్కువగా ఉండేది ఆర్‌డీఎక్స్ కాదు, అమ్మోనియం నైట్రేట్. యూరియా, పేడకుప్పలు, మురుగు నుంచి కూడా నైట్రేటే వస్తుంది. తాగునీళ్లలో మన దేశపు హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. అది దాటితే పాలడబ్బా పసిపిల్లలకు ప్రమాదం. నీళ్లు మరిగిస్తే నైట్రేట్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.

దయచేసి ఈ వీడియో చూసి బాయిలో బెల్లం పోయకండి! నీళ్లు కుళ్లి కంపు కొడతాయి, అంతే. మా అమ్మ ఇప్పటికే అడిగింది, "ఒక్క ముద్ద వేస్తే ఏమైతదిరా" అని.

నిన్న మా బాయి నీళ్లు సీసాలో పట్టి ల్యాబ్‌కు ఇచ్చా. ఎంత వస్తే అంత, ఆ నంబర్ వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద పెడతా.