సంక్షోభంలో ఉన్న యువతకు అండ: సేవాసంస్థ నాయకత్వ ధర్మం

1. విషయ స్వరూపం

ఇల్లు విడిచి పారిపోయి వచ్చినవారు, తల్లిదండ్రులు పోయి దిక్కులేకుండా మిగిలినవారు, అక్రమ రవాణా ముఠాల చేతుల్లోంచి బయటపడినవారు, హోమ్‌లలో పెరిగి 18 ఏళ్ళు నిండగానే బయటికి రావలసివచ్చినవారు. సంక్షోభంలో ఉన్న యువత అంటే ప్రధానంగా ఈ నాలుగు వర్గాలు. వీరిలో ఎక్కువమంది పన్నెండేళ్ళకూ ఇరవై ఒక్క ఏళ్ళకూ నడుమ వయసువారు. చంటిపిల్లల మీద కలిగే జాలి వీరి మీద లోకానికి కలగదు. పెద్దవాళ్ళకుండే హక్కులు వీరి చేతికింకా రాలేదు.

వీరికి నీడనిచ్చే సంస్థను నడపడం తక్కిన సేవాసంస్థలను నడపడం లాంటిది కాదు. బడిలో చదువు సరిగా చెప్పకపోతే తల్లిదండ్రులు నిలదీస్తారు. ఆస్పత్రిలో సరిగా చూడకపోతే బంధువులు గొడవ చేస్తారు. ఇక్కడి పిల్లల తరఫున వచ్చి అడిగేవాళ్ళు లేరు. డబ్బిచ్చే దాతకు ఆ పిల్లలు కనబడరు, పిల్లలకు దాత ఎవరో తెలియదు. ఇద్దరి మధ్యా ఉన్నది సంస్థ, దాని అధిపతి. ఇంత నమ్మకమూ ఇంత అధికారమూ ఒక్కచోట చేరినప్పుడు అధిపతి మంచితనం ఒక్కటే పిల్లలకు రక్ష కాలేదు. తనను కూడా కట్టిపడేసే కట్టుబాట్లను తానే ఏర్పరచి, వాటిని పనిచేయించడమే ఈ రంగంలో నాయకత్వం.

2. మొదటి 24 గంటలు

సంస్థ ఎలాంటిదో చెప్పేది వార్షిక నివేదిక కాదు, కొత్తగా వచ్చిన పిల్లవాడికి అక్కడ గడిచే మొదటి రోజు. ఉదాహరణకు విజయవాడ రైల్వే జంక్షన్‌లో చెన్నై, హైదరాబాద్, విశాఖ, ఢిల్లీ దారులు కలుస్తాయి. అందుకే ఇల్లు విడిచిన పిల్లలు అక్కడ ఎక్కువగా దిగుతారు. 1989లో సలేషియన్ సభ ఆధ్వర్యంలో మొదలైన నవజీవన్ బాలభవన్ ఈ ఊళ్ళోనే ఇలాంటి పిల్లల కోసం పని ప్రారంభించింది.

రైలు దిగిన జనం గేటువైపు సాగిపోతారు. ఒక కుర్రాడు మాత్రం కదలడు. చేతిలో సంచి ఉండదు, ఉన్నా అందులో ఒక చొక్కాకు మించి ఉండదు. కుళాయి దగ్గర నీళ్ళు తాగి, తిరిగి అదే బెంచీ మీదికి వస్తాడు. అనుభవమున్న కార్యకర్త అతణ్ణి దూరం నుంచే గుర్తుపడతాడు. దగ్గరికి వెళ్ళి ఏ ఊరనీ, ఎందుకొచ్చావనీ అడగడు. "తిన్నావా నాన్నా?" అంటాడు. కుర్రాడు మొదట చెప్పే పేరు చాలాసార్లు అసలు పేరు కాదు. దానికి కోప్పడడం, అబద్ధం పట్టుకున్నామని సంబరపడడం రెండూ తప్పే. అతను ఆ పేరుతో తన్ను తాను కాపాడుకుంటున్నాడు. అన్నం, స్నానం, ఉతికిన బట్టలు, నిద్ర పూర్తయ్యాకే మాటలు.

ఈ ఓపికకు చట్టం ఒక గడువు పెట్టింది. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం, సంరక్షణ అవసరమైన బాలుణ్ణి ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఈ సమితిలో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉంటారు. వారిలో కనీసం ఒక మహిళ ఉండాలి. బాలుణ్ణి ఇంటికి పంపాలా, హోమ్‌లో ఉంచాలా అన్నది తేల్చేది సమితే, సంస్థ కాదు. అంటే మొదటి రోజునుంచే సంస్థ అధికారం మీద బయటివారి కన్ను ఉంటుంది. మంచి నాయకత్వం దీన్ని అడ్డంకిగా చూడదు, తనకు తోడుగా చూస్తుంది.

పిలుపు అందే దారి కూడా ఇందులో భాగమే. 1996లో ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ క్షేత్రస్థాయి ప్రాజెక్టుగా, జెరూ బిలిమోరియా చొరవతో మొదలైన 1098 హెల్ప్‌లైన్ దేశమంతా విస్తరించింది. 2023 నుంచి దాన్ని ప్రభుత్వమే బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద నడుపుతూ 112 అత్యవసర సేవతో జోడించింది. రాత్రి రెండు గంటలకు ఫోను మోగితే ఎవరు ఎత్తాలో, పోలీసులకు ఎవరు చెప్పాలో, గాయముంటే ఏ ఆస్పత్రికి తీసుకెళ్ళాలో రాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి తెలిసి ఉండాలి. అది తెలిసేలా చూడటం అధిపతి పని.

3. కోవెనంట్ హౌస్ నేర్పిన పాఠం

ఈ రంగంలో నాయకత్వం గురించి తెలుసుకోవలసినదంతా దాదాపుగా ఒక్క సంస్థ చరిత్రలో ఉంది. న్యూయార్క్‌లో 1972లో ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన ఫాదర్ బ్రూస్ రిట్టర్ స్థాపించిన కోవెనంట్ హౌస్, ఇల్లు విడిచిన కుర్రాళ్ళకూ ఆడపిల్లలకూ ఎలాంటి షరతూ లేకుండా తలుపు తెరిచింది. అప్పట్లో వ్యభిచార వ్యాపారానికి నెలవైన టైమ్స్ స్క్వేర్ దగ్గర అది నిలదొక్కుకుంది. 1980లలో టొరంటో, హ్యూస్టన్ వంటి నగరాలకూ మధ్య అమెరికా దేశాలకూ పాకింది. 1984లో అమెరికా అధ్యక్షుడు రీగన్ జాతినుద్దేశించి చేసిన వార్షిక ప్రసంగంలో రిట్టర్‌ను పేరెత్తి మెచ్చుకున్నారు. సంస్థ అంటే రిట్టర్, రిట్టర్ అంటే సంస్థ అన్నట్టయింది.

అసలు బలహీనత అక్కడే ఉంది. ఆశ్రయం కోసం వచ్చిన యువకులతో లైంగికంగా అనుచితంగా ప్రవర్తించారన్న ఆరోపణల మధ్య 1990 ఫిబ్రవరిలో రిట్టర్ రాజీనామా చేశారు. ఆరోపణలను ఆయన ఒప్పుకోలేదు. క్రిమినల్ కేసూ నడవలేదు. అయితే సంస్థ బోర్డు వేయించిన దర్యాప్తు అదే ఏడాది ఆగస్టులో నివేదిక ఇచ్చింది. ఏ ఒక్క ఆరోపణా సందేహానికి తావులేకుండా రుజువు కాకపోయినా, మొత్తంగా సాక్ష్యం బలంగా ఉందని అది తేల్చింది. ఆర్థిక వ్యవహారాల్లో లోపాలనూ, బోర్డు పర్యవేక్షణ చాలకపోవడాన్నీ ఎత్తిచూపింది. చందాలు ఒక్కసారిగా పడిపోయాయి. ఏ తప్పూ చేయని పిల్లల మంచాలకే ముప్పు వచ్చింది.

1990లోనే పగ్గాలు చేపట్టిన సిస్టర్ మేరీ రోజ్ మెక్‌గీడీ, డాటర్స్ ఆఫ్ చారిటీ సభకు చెందినవారు, పిల్లల మానసిక ఆరోగ్యరంగంలో దీర్ఘానుభవం ఉన్నవారు. 2003 దాకా సంస్థను నడిపి దాతల నమ్మకాన్ని తిరిగి నిలబెట్టారు. కోవెనంట్ హౌస్ ఈనాటికీ పనిచేస్తోంది. 2017లో ఆ సంస్థ పనిచేసే పది నగరాల్లో 641 మంది నిరాశ్రయ యువతతో మాట్లాడి చేసిన అధ్యయనంలో, 19 శాతం మంది అక్రమ రవాణా బాధితులని తేలింది. ఇలాంటి ఆశ్రయాల అవసరం ఎంతటిదో ఆ అంకె చెబుతుంది. స్థాపకుడి మీద ఆరోపణలు వచ్చాయి గనుక సేవే వద్దనడం ఎంత తప్పో, సేవ గొప్పది గనుక అడగకూడదనడమూ అంతే తప్పు.

4. అధిపతిని కట్టే కట్టుబాట్లు

భారతదేశంలో ఇదే పాఠాన్ని బిహార్‌లోని ముజఫర్‌పుర్ ఇంకా కఠినంగా నేర్పింది. ఆ రాష్ట్రంలోని ఆశ్రయ గృహాలపై టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన కోశిశ్ బృందం జరిపిన సోషల్ ఆడిట్ వల్ల, 2018లో అక్కడి బాలికల గృహంలోని అత్యాచారాలు బయటపడ్డాయి. ఆ గృహాన్ని నడిపినది ఒక స్వచ్ఛంద సంస్థ. దాని అధిపతికి 2020 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు జీవితాంతం జైలు శిక్ష వేసింది. రిజిస్టర్లు చూసే తనిఖీకి దొరకనిది, పిల్లలతో విడిగా కూర్చుని మాట్లాడే తనిఖీకి దొరుకుతుంది.

చట్టం ఇప్పుడు బాధ్యతను నేరుగా అధిపతి మీదే పెట్టింది. పిల్లలపై లైంగిక నేరం సంగతి తెలిసీ చెప్పకపోవడం 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచిపెడితే ఏడాది దాకా జైలు. పిల్లలను చూసుకోవలసిన సంస్థలోని వారే క్రూరంగా ప్రవర్తిస్తే జువైనల్ జస్టిస్ చట్టం కింద అయిదేళ్ళ దాకా కఠిన కారాగారం, అయిదు లక్షల దాకా జరిమానా. "సంస్థ పరువు పోతుంది, లోపలే సర్దుకుందాం" అన్న మాట మన సంస్థల్లో తరచుగా వినిపిస్తుంది. ఆ మాట అన్న క్షణంలోనే అధిపతి పిల్లల పక్షం వదిలి తన పక్షం చేరినట్టు.

చట్టానికి తోడు సంస్థ లోపల నాలుగు ఏర్పాట్లు తప్పనిసరి. ఒకటి, బోర్డులో అధిపతి బంధువులు, ఆయన ఇచ్చే జీతం మీద బతికేవారు ఉండకూడదు. రెండు, చెక్కు మీద సంతకం ఒక్కరిది కాకూడదు. మూడు, అధిపతితో సహా ఏ పెద్దమనిషీ పిల్లలతో తలుపు వేసుకుని ఒంటరిగా ఉండకూడదు. నాలుగు, పిల్లల ఫిర్యాదు హోమ్ సిబ్బందిని దాటి బయటికి వెళ్ళే దారి ఉండాలి. బాలల సంఘాలూ సూచనల పెట్టే ఉండాలని నియమాలు చెబుతాయి. ఆ పెట్టె తాళంచెవి వార్డెన్ బీరువాలో ఉంటే అది ఉన్నా లేనట్టే.

5. డబ్బు, సిబ్బంది

విరాళాల కోసం పిల్లల కన్నీటి కథలు చెప్పడం సులువు. పోషకులకు పిల్లల ఫొటోలు పంపడం ఇంకా సులువు. కానీ సంరక్షణలో ఉన్న బాలల గుర్తింపు తెలిసేలా పేరు, చిరునామా, బడి, ఫొటో ప్రచురిస్తే ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. శిక్ష సంగతి అటుంచినా, ఒక అమ్మాయి పదిహేనేళ్ళప్పటి ఫొటో పాతికేళ్ళప్పుడు పెళ్ళిచూపుల్లో బయటపడితే ఆ అమ్మాయి బతుకేమవుతుందో నిధులు సేకరించేవాళ్ళు ఆలోచించాలి.

విదేశీ నిధుల నియంత్రణ చట్టానికి 2020లో సవరణ జరిగాక ఆ నిధుల్లో పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. వచ్చిన డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడమూ ఆగిపోయింది. దేశంలోని కంపెనీలు 2013 నాటి కంపెనీల చట్టం కింద సామాజిక బాధ్యతకు కేటాయించే 2 శాతం లాభాల్లోంచి సాయం అందుతుంది గానీ, అది ఎక్కువగా కంటికి కనబడే భవనాల మీదికే మొగ్గుతుంది. కౌన్సెలర్ జీతానికి, రాత్రి కాపలాకు, ఆడిట్‌కు దాతను ఒప్పించడం కష్టం. కష్టమైనా ఒప్పించవలసింది వాటికే. పిల్లలు క్షేమంగా ఉండేది వాటివల్లే.

సిబ్బందిని తీసుకునేటప్పుడు సేవాభావం ఒక అర్హత మాత్రమే, హామీ కాదు. పోలీసు వెరిఫికేషన్, పాత యజమానిని అడిగి తెలుసుకోవడం, కొన్నాళ్ళు మరొకరి పక్కన పని చేయించడం ఎవరికీ మినహాయించకూడదు. రోజూ పిల్లల గాయాల కథలు వినేవారి మనసు కూడా దెబ్బతింటుంది. వారికి వారాంతపు సెలవు, తమ బరువు దించుకోవడానికి ఒక పెద్ద కౌన్సెలర్ దగ్గర కూర్చునే సమయం ఇవ్వకపోతే, మంచివాళ్ళు ముందుగా మానేస్తారు. ఉండిపోయేవారిలో కొందరు రాయిలా మారతారు. మనిషి మారినప్పుడల్లా పిల్లవాడు మళ్ళీ ఒకరిని పోగొట్టుకుంటాడు.

6. పద్దెనిమిది తర్వాత

చాలా సంస్థలు బలహీనపడేది ఇక్కడే. జువైనల్ జస్టిస్ చట్టం 18 నుంచి 21 ఏళ్ళ వరకు అనంతర సంరక్షణకు వీలు కల్పించింది. ఆచరణలో పిల్లవాడు పుట్టినరోజు నాటికి ఒక పెట్టె సర్దుకుని బయటికి రావలసివస్తోంది. గది అద్దెకు అడిగితే ఇంటాయన మొదట అడిగేది "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని. ఆధార్‌లో హోమ్ చిరునామా ఉంటుంది, రేషన్ కార్డు ఉండదు, హామీ సంతకం పెట్టేవాళ్ళు ఉండరు. అందువల్ల సంస్థ పదహారో ఏటినుంచే ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతా, చేతిపని లేదా చదువు, ఫోను చేస్తే పలికే ఒక పెద్దమనిషి, ఈ నాలుగూ సిద్ధం చేయాలి. బయటికి వెళ్ళినవారిలో ఎందరు రెండేళ్ళ తర్వాత కూడా పనిలో ఉన్నారు, ఎందరి జాడ తెలియడం లేదు అన్న లెక్కను బోర్డు ఏటా అడగాలి. ఎందరిని చేర్చుకున్నామన్నది సంస్థ శ్రమను చెబుతుంది. ఎందరు నిలబడ్డారన్నదే దాని ఫలితం.

7. ముగింపు

ఈ సంస్థల్ని నడిపేవారిలో ఎక్కువమంది చిత్తశుద్ధి ఉన్నవారే. వారి చిత్తశుద్ధికి కట్టుబాట్లు అవమానం కావు. పిల్లలకూ నిర్వాహకులకూ అవే రక్షణ. బోర్డు సభ్యులు ఏటా ఒక్క రోజైనా పిల్లలతో సిబ్బంది లేకుండా మాట్లాడాలి. దాతలు రసీదుతోపాటు బాలల రక్షణ విధానం ప్రతిని, ఫిర్యాదుల లెక్కను అడగాలి. అడిగితే నొచ్చుకునే సంస్థకు డబ్బు ఇవ్వకూడదు, సంతోషంగా చూపే సంస్థకు మరుసటి ఏడాది కూడా ఇవ్వాలి.