వీడియో ఆగుతోందని చెరిపేయకండి

వీడియో పని చూసే మేము చెప్పేది ఒక్కటే. ఆవకాయ తయారీ వీడియో ఎడిటింగ్‌లో ఆగి ఆగి నడిస్తే, పాడైందని చెరిపేయకండి. ముందు మామూలు ప్లేయర్‌లో చూడండి. అక్కడ బాగా నడిస్తే వీడియోలో లోపం లేదు, ఎడిటింగ్ బరువును కంప్యూటర్ మోయలేకపోతోందన్నమాట. 4కె చిత్రం ఫుల్ హెచ్‌డీకి 4 రెట్లు బరువు మరి! ప్లేబ్యాక్ రిజల్యూషన్ సగానికో, పావుకో తగ్గించండి. తెరమీద మసకగా కనిపిస్తుంది గానీ, ఎక్స్‌పోర్ట్ చేసిన వీడియో నాణ్యత తగ్గదు. అప్పటికీ ఆగితే ప్రాక్సీలు, అంటే చిన్న నకళ్లు, చేసుకుని ఎడిట్ చేద్దాం. అసలు ఫైళ్లు మాత్రం భద్రంగా ఉంచాలి. చివరి వీడియో తయారయ్యేది వాటితోనే. ఆవకాయ కాలం ఏడాదికి ఒక్కసారే. చెరిపేస్తే మళ్లీ వేసవి దాకా ఆగాల్సిందే.