కారుకు వీల్ స్పేసర్లు - పెన్షనర్లు తెలుసుకోవలసిన సంగతులు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బస్సు డిపో గ్యారేజీలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. కనుక చక్రాల సంగతి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. ఈ విషయం మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. మనలో చాలామంది రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ముతో చిన్న కారు కొనుక్కున్నాం. రిజిస్ట్రేషన్ మన పేర ఉంటుంది, నడిపేది కొడుకో మనవడో. వాళ్ళు ముచ్చటపడి చక్రాలు బయటకు కనిపించేలా స్పేసర్లు వేయిస్తే, రేపు జవాబు చెప్పవలసింది ఓనరుగా మనమే. అందుకే ఈ నాలుగు మాటలు.

స్పేసర్ అంటే హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే లోహపు బిళ్ళ. 3 మి.మీ. మొదలు 25 మి.మీ. పైదాకా దొరుకుతుంది. 10 మి.మీ. బిళ్ళ పెడితే ఒక్కొక్క చక్రం అంతమేర బయటకు జరుగుతుంది, రెండు చక్రాల మధ్య వెడల్పు 20 మి.మీ. పెరుగుతుంది. అందం కోసం వేసేవారే ఎక్కువ. కొత్త అలాయ్ రిమ్ము లోపల బ్రేకుకో సస్పెన్షన్‌కో తగులుతుంటే వేసేవారూ ఉన్నారు.

చక్రం బయటకు జరిగినకొద్దీ బేరింగు మీద మెలిపెట్టే బరువు పెరుగుతుంది. గుంతలో పడ్డప్పుడు స్టీరింగు ఎక్కువగా గుంజుతుంది. మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. ఇవన్నీ మెల్లగా బయటపడేవి. అసలు ప్రమాదం స్టడ్ దగ్గర ఉంది. పాత స్టడ్ మీదే 5 మి.మీ. బిళ్ళ పెడితే నట్టు పట్టే మరలో 5 మి.మీ. తగ్గిపోయినట్టే. బయటికి నట్టు బిగిసినట్టే కనిపిస్తుంది, లోపల పట్టు ఉండదు.

దీనికి ఇంట్లోనే చూసుకోదగిన లెక్క ఒకటి ఉంది. స్టడ్ ఎంత లావో, కనీసం అంత పొడవున నట్టు మరలో ఎక్కాలి. 12 మి.మీ. స్టడ్‌కు మర పిచ్ 1.5 మి.మీ. అయితే నట్టు 8 పూర్తి చుట్లు తిరగాలి. పిచ్ 1.25 అయితే 10 చుట్లు. చేత్తో ఎక్కించి, బిగిసేదాకా లెక్కపెట్టండి. నాలుగైదు చుట్లకే ఆగిపోతే ఆ బండిని రోడ్డు మీదకు తీయవద్దు. పొడవైన స్టడ్‌లు వేయించాలి, లేదా స్పేసర్ తీసేయాలి. మూసి ఉన్న నట్లు వాడేవారు మరొకటి చూడాలి. స్టడ్ మరీ పొడవైతే నట్టు లోపలి మూతకు ఆని, రిమ్మును నొక్కకుండానే బిగిసినట్టు మోసం చేస్తుంది.

మందమైన స్పేసర్లకు వాటి స్టడ్‌లు వాటికే ఉంటాయి. ముందు స్పేసర్‌ను హబ్బుకు బిగించి, తర్వాత దానిమీద రిమ్మును బిగిస్తారు. లోపలి నట్లు రిమ్ము విప్పితే తప్ప కనబడవు కనుక, బిగుతు చూడాలంటే చక్రం ఊడదీయక తప్పదు. కారు అసలు స్టడ్ కొనలు స్పేసర్ ముఖం దాటి బయటకు పొడుచుకు రాకూడదు.

కొనేటప్పుడు నడిమి రంధ్రం కొలత అడగండి. మన దగ్గర తిరిగే అనేక మారుతి, హ్యుండాయ్ చిన్న కార్లకు 100 మి.మీ. వృత్తం మీద 4 స్టడ్‌లు, 54.1 మి.మీ. నడిమి రంధ్రం ఉంటాయి. స్పేసర్ ఆ హబ్బు మీద వదులు లేకుండా కూర్చోవాలి. రంధ్రం పెద్దదైతే చక్రం నడిమికి కుదరక బండి వణుకుతుంది. "అన్ని కార్లకూ సరిపోతుంది" అని అమ్మే పోత సరుకు కొనవద్దు. ఒకదానిమీద ఒకటి రెండు బిళ్ళలు వేయడం, వాషర్లు పెట్టి సర్దడం, కుడికి ఒక మందం ఎడమకు ఒక మందం వేయడం అసలే కూడదు. హబ్బు ముఖం మీది తుప్పు వైరు బ్రష్‌తో తుడిచి, కారు పుస్తకంలో చెప్పిన బిగుతుకు టార్క్ రెంచితో బిగించాలి. 50 నుంచి 100 కి.మీ. తిరిగాక మళ్ళీ చూడాలి.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా ఓనరు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరపు సవరణలో చేర్చిన 182ఎ సెక్షన్, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఓనరు మీదనే పెట్టింది. చట్టంలో స్పేసర్ అన్న పేరు లేదు. పేరు లేదు కాబట్టి అనుమతి ఉన్నట్టేనని షాపువాడు చెప్పే మాట నమ్మవద్దు. ఆర్టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్సు కంపెనీలోనూ ముందుగా దరఖాస్తు ఇచ్చి, జవాబు కాగితం మీద తీసుకోండి. చెప్పకుండా మార్పు చేస్తే, బండి దెబ్బతిన్న రోజున క్లెయిమ్‌కు అభ్యంతరం చెప్పే అవకాశం మనమే చేతికిచ్చినట్టు.

జర్మనీలో ఉన్న మన పిల్లలకూ ఒక మాట. అక్కడ ఈ విడిభాగాలకు తనిఖీ సంస్థల పత్రాలు ఉంటాయి. ఆ పత్రంతో బండిని పరీక్ష చేయించి నమోదు చేయించమంటే తప్పకుండా చేయించాలి. అయితే ఆ పత్రం చూపించి ఇక్కడ ఇది చెల్లుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మన ఆర్టీఓ అనుమతికి అది బదులు కాదు.

నా సలహా అడిగితే, అసలు స్పేసర్ అవసరం లేకుండా చూసుకోవడమే మేలు. అదే మోడల్లో పై రకానికి కంపెనీ ఇచ్చే రిమ్ము, టైరు కొలతలు మన బండికీ ఒప్పుతాయా అని షోరూములో అడగండి. రిమ్ము మీద ఈ.టి. అని వేసి ఉండే ఆఫ్‌సెట్ అంకె మొదటే సరిగ్గా ఎంచుకుంటే బిళ్ళతో పనే ఉండదు. ఈ.టి. 45 రిమ్ముకు 10 మి.మీ. స్పేసర్ వేస్తే అది 35 అయినట్టే.

పిల్లల ముచ్చటను కాదనమని నా ఉద్దేశం కాదు. మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని, నట్టు చుట్లు వాడిచేతే లెక్కపెట్టించండి. కోప్పడటంకన్నా ఆ లెక్క బాగా పనిచేస్తుంది. ఆ కారులో వాడి తల్లీ, నానమ్మా కూడా ప్రయాణం చేస్తారు గదా.