ఆశీలు పెంచిన అంగడి, విడిచి వెళ్ళలేని అమ్మకందారు
(విద్యార్థుల అధ్యయన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



డిజిటల్ మార్కెట్లలో చిన్న అమ్మకందారు పరిస్థితి గురించి మాట్లాడమన్నారు. అంశం చాలా పెద్దది. నేను అందులో ఒక్క వారం గురించి చెబుతాను. 2008 ఫిబ్రవరి 18 నుంచి 25 దాకా. ఆ వారం అమెరికాలో ఈబే అనే ఆన్‌లైన్ వేలం అంగడిలో సరుకు అమ్ముకునే చిన్న వ్యాపారులు చాలామంది కొత్త సరుకు పెట్టకూడదని, అక్కడ ఏమీ కొనకూడదని పిలుపునిచ్చుకున్నారు. కారణం కొత్త ఫీజులు. పాత అమెరికా గొడవ మనకెందుకని మీకు అనిపిస్తే కాసేపు ఓపిక పట్టండి, మన దగ్గరికే వస్తాను.

ముందు ఫీజుల సంగతి. సంతకు వెళ్ళినవాళ్ళెవరికైనా ఆశీలు అంటే తెలుసు. ఆశీలు వసూలు చేసుకునే హక్కును పంచాయతీ వేలం వేస్తుంది. పాడుకున్న కాంట్రాక్టరు గంపకింత, బండికింత, మేకకింత అని వసూలు చేస్తాడు. సరుకు అమ్ముడుపోయిందా లేదా అన్నది అతనికి అక్కర్లేదు, కూర్చున్నావు కాబట్టి కట్టాలి. ఇది ఒక రకం. మార్కెట్ యార్డులో అడ్తిదారు తీసుకునే కమీషన్ ఇంకో రకం. అమ్ముడుపోయిన ధర మీద నూటికింత. ఈబే ఈ రెండూ తీసుకునేది. వస్తువును వేలానికి పెట్టగానే నమోదు ఫీజు, అమ్ముడుపోయాక ధర మీద కమీషన్. ఒకటి ఆశీలు, ఒకటి అడ్తి. డబ్బు ఈబే సొంత సంస్థ పేపాల్ ద్వారా వస్తే దానికి వేరే కోత. ఈబే 2002లోనే పేపాల్‌ను 150 కోట్ల డాలర్లకు కొనేసింది. అంటే సంత స్థలమూ, అడ్తి దుకాణమూ, గల్లాపెట్టే ఒకరివే.

ఈ అంగడి పుట్టిందే ఒక ఫీజు పెంపు నుంచి. 1995లో పియర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ సరదాగా ఒక వేలం సైట్ పెట్టాడు. రద్దీ పెరిగేసరికి ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ అతని ఖాతాను వ్యాపార ఖాతాగా మార్చి, 30 డాలర్ల నెల బిల్లును 250 చేసింది. ఆ ఖర్చు రాబట్టుకోవడానికే అతను అమ్మకందారుల దగ్గర ఫీజు తీసుకోవడం మొదలుపెట్టాడు. అంటే ఈబే కూడా మొదట పైవాడు పెంచిన రుసుమును కిందికి దింపిన చిన్నవాడే.

2005 జనవరిలో మొదటి పెద్ద గొడవ వచ్చింది. అంగడిలో సొంత స్టోర్ పెట్టుకున్నవారి నెల అద్దె 9.95 డాలర్ల నుంచి 15.95 డాలర్లకు, స్టోర్ సరుకు మీద కమీషన్ 5.25 నుంచి 8 శాతానికి పెరిగాయి. అమ్మకందారులు భగ్గుమన్నారు. కొన్ని వారాల్లోనే ఈబే ఉత్తర అమెరికా అధ్యక్షుడు బిల్ కాబ్ తగ్గి ఉత్తరం రాశాడు. స్టోర్‌వాళ్ళకు ఒక నెల అద్దె వెనక్కి ఇచ్చారు, చిన్న సరుకు నమోదు ఫీజును 30 సెంట్ల నుంచి 25కు దించారు. అసలు పెంపు మాత్రం అలాగే ఉంది. అయినా గట్టిగా అరిస్తే ఎంతో కొంత దిగివస్తారన్న నమ్మకం అమ్మకందారుల్లో పాతుకుంది. 2008లో వాళ్ళు ఆ నమ్మకంతోనే దిగారు.

2008 జనవరి చివర్లో, కొత్తగా పగ్గాలు చేపట్టబోతున్న జాన్ డోనహో కొత్త పట్టిక ప్రకటించాడు. నమోదు ఫీజు 50 శాతం దాకా తగ్గింపు అన్నది పెద్దక్షరాల మాట. కిందే ఇంకో అంకె ఉంది. మొదటి 25 డాలర్ల ధర మీద కమీషన్ 5.25 నుంచి 8.75 శాతానికి పెరిగింది. 20 డాలర్లకు ఒక పాత కెమెరా అమ్మారనుకోండి. అంతకుముందు కమీషన్ 1 డాలరు 5 సెంట్లు, ఇప్పుడు 1 డాలరు 75 సెంట్లు. నమోదులో మిగిలేది కొద్ది సెంట్లు, కమీషన్‌లో పోయేది 70. ఆశీలు తగ్గించి అడ్తి పెంచారన్నమాట.

కంపెనీ వాదనలో నిజం లేకపోలేదు. "అమ్ముడుపోనిదానికి నీ దగ్గర ఎక్కువ తీసుకోను, అమ్ముడుపోతే నాకూ వాటా ఇవ్వు" అనడం అన్యాయం కాదు. సరుకు ఎక్కువగా మిగిలిపోయేవాడికి ఇది మేలే. దెబ్బ తగిలింది మాత్రం చవక వస్తువులు పెట్టి, దాదాపు అన్నీ అమ్ముకుంటూ, ఒక్కోదాని మీద ఒకటి రెండు డాలర్లు మిగుల్చుకునేవాళ్ళకు. ఇంట్లో కూర్చుని పాత పుస్తకాలు, బొమ్మలు, పోస్టుకార్డులు అమ్ముకునేవాళ్ళు. అంగడిని అంగడి చేసింది వాళ్ళే.

నా దృష్టిలో ఆ ప్రకటనలో ఫీజు కంటే పెద్ద విషయం ఇంకొకటుంది. ఈబేలో అప్పటిదాకా కొన్నవాడు అమ్మినవాడికి, అమ్మినవాడు కొన్నవాడికి మార్కులు వేసేవారు. మంచి, చెడు, మధ్యస్థం. ఆ మేలో వచ్చిన మార్పుతో అమ్మినవాడు కొన్నవాడికి చెడ్డ మార్కు వేయడానికి వీల్లేకుండా పోయింది. అమ్మకందారులు కక్షగా ఎదురు మార్కులు వేస్తున్నారని, ఆ భయంతో కొనుగోలుదారులు నిజం చెప్పడం లేదని కంపెనీ వాదన. అదీ కొంత నిజమే. దాంతోపాటే, స్టార్లు ఎక్కువున్న పెద్ద అమ్మకందారులకు కమీషన్‌లో రాయితీ, తక్కువున్నవాళ్ళ సరుకు వెతుకులాటలో అడుగుకు. ఇప్పుడు కొనుగోలుదారు కోపంలో వేసిన ఒక్క స్టార్ అమ్మకందారు కట్టే ఫీజును, సరుకు ఎవరి కంట పడుతుందన్నదాన్నీ మార్చగలదు. జవాబు చెప్పుకునే పాత ఆయుధం లేదు.

బహిష్కరణ వారం గడిచింది. నమోదులు తగ్గాయని అమ్మకందారులు లెక్కలు చూపారు, పెద్ద తేడా లేదని కంపెనీ అంది. ఆ లెక్కల తగాదా పక్కన పెడదాం. కొత్త పట్టిక అమల్లోకి వచ్చింది, ఫీడ్‌బ్యాక్ మార్పు వచ్చింది. ఆ ఏడాదే బై డాట్ కామ్ అనే పెద్ద సంస్థ లక్షల వస్తువులతో ఈబేలోకి దిగింది. అందరూ కట్టే నమోదు ఫీజు లేకుండా ప్రత్యేక ఒప్పందం మీద వచ్చిందని తెలిసి చిన్నవాళ్ళు మళ్ళీ మండిపడ్డారు. గంపవాడికి ఆశీలు, లారీవాడికి మాఫీ.

ఎందుకు ఓడిపోయారు? అర్థశాస్త్ర విద్యార్థులు ఇక్కడ ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసిన పుస్తకం గుర్తు చేసుకుంటారు. నచ్చనప్పుడు రెండే దారులు, విడిచి వెళ్ళడం లేదా గొంతెత్తడం. వెళ్ళగలిగినవాడి గొంతుకే విలువ. మరి వీళ్ళు వెళ్ళడానికి ఎక్కడుంది? యాహూ కూడా వేలం అంగడి నడిపింది, చాలా కాలం ఫీజు లేకుండా. 2001 జనవరిలో 20 సెంట్ల నుంచి 2.25 డాలర్ల దాకా నమోదు ఫీజు పెట్టగానే అమ్మకందారులు మూకుమ్మడిగా వెళ్ళిపోయారు, అంగడి వెలవెలబోయింది. తర్వాత ఫీజు ఎత్తేసినా జనం తిరిగి రాలేదు. అమెరికాలో 2007 జూన్‌లో దాన్ని మూసేశారు. యాహూను వదలడం అంత తేలికైంది, ఎందుకంటే కొనేవాళ్ళు ఈబేలో ఉన్నారు. ఈబేను వదలడానికి అలాంటి చోటు లేదు.

కొనేవాళ్ళు ఒకచోట ఉండటం సగం కారణమే. మిగతా సగం ఆ స్టార్లు. పాల్ రెస్నిక్, ఆయన సహచరులు చేసిన ఒక ప్రయోగం 2006లో అచ్చయింది. ఈబేలో ఏళ్ళ తరబడి మంచి పేరున్న ఒక అమ్మకందారు పాత పోస్టుకార్డులను కొన్ని తన పేరు మీద, అలాంటివే కొన్ని కొత్తగా తెరిచిన ఖాతాల మీద అమ్మాడు. సరుకు ఒకటే, మనిషీ ఒక్కడే. పాత పేరుకు కొనుగోలుదారులు 8.1 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. ఆ అంకెను 8.75 పక్కన పెట్టి చూడండి. అంగడి మారితే దాదాపు కమీషన్ అంత విలువ చేసే పేరు పోతుంది. ఆ పేరు సంపాదించింది అమ్మకందారు. దాచిపెట్టిన పెట్టె తాళం మాత్రం కంపెనీ దగ్గరుంది.

బహిష్కరణ అన్న మాట మనకు ఇంకో దిక్కు నుంచి తెలుసు. ఊళ్ళో మనవాళ్ళకు పనివ్వవద్దని, దుకాణంలో ఉప్పు కూడా అమ్మవద్దని పెద్దకులాలు కట్టుకునే కట్టడి అది. రౌండ్ టేబుల్ సమావేశంలో అణగారిన వర్గాల రక్షణల పత్రం సమర్పించినప్పుడు బాబాసాహెబ్ ఈ బహిష్కరణను శిక్షార్హమైన నేరం చేయాలని అడిగారు. అందుకు 1922 నాటి బర్మా చట్టాన్ని నమూనాగా చూపారు. అలాంటి నిబంధన 2015 సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోకి వచ్చింది. ఊళ్ళో ఆ ఆయుధం అంత పదునుగా ఎందుకు పనిచేసింది? బహిష్కరించేవాడికి మనం లేకపోయినా నడుస్తుంది, మనకు బావి లేకపోతే, కూలి లేకపోతే నడవదు. 2008లో చిన్న అమ్మకందారులు ఆ ఆయుధాన్నే తలకిందులుగా పట్టుకున్నారు. ఎవరు లేకపోతే తమకు నడవదో వాళ్ళనే బహిష్కరించారు. అందుకే వారం రోజులు మాత్రమే చేయగలిగారు. ఎనిమిదో రోజు అద్దె కట్టాలి కదా.

ఇప్పుడు ఆ ఫీజుల పట్టికలో లేని ఒక ఫీజు గురించి. ఈబేలోనే జరిగిన ఇంకో ప్రయోగం ఉంది. చేసినవారు ఇయన్ ఎయిర్స్, మహజరీన్ బనాజీ, క్రిస్టీన్ జోల్స్. బనాజీ సికింద్రాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో, ఉస్మానియాలో చదివి వెళ్ళిన మనస్తత్వ శాస్త్రవేత్త. బేస్‌బాల్ ఆటగాళ్ళ కార్డులను వేలానికి పెట్టారు. ఫొటోలో కార్డును పట్టుకున్న చెయ్యి కనపడుతుంది. కొన్నిటిలో తెల్ల చెయ్యి, కొన్నిటిలో నల్ల చెయ్యి. పేరు లేదు, ముఖం లేదు, గొంతు లేదు. నల్ల చెయ్యి పట్టుకున్న కార్డులు సుమారు 20 శాతం తక్కువకు పోయాయి. 2015లో అచ్చయిన పరిశోధన ఇది.

కమీషన్‌లో మూడున్నర శాతం పెరిగినందుకు సమ్మె జరిగింది. జరగాల్సిందే. ఈ 20 శాతానికి పట్టిక లేదు, ప్రకటన లేదు, అమల్లోకి వచ్చే తేదీ లేదు. కంపెనీ జేబులోకీ పోదు, కొనుగోలుదారుడి చేతిలోనే మిగిలిపోతుంది. కాబట్టి ఎవరి మీద సమ్మె చేయాలో కూడా తెలియదు. పైగా ధర తక్కువ పలికిన ఆ నల్లజాతి అమ్మకందారు అందరితో సమానంగా అదే 8.75 శాతం కట్టాలి. అతని మీద ఫీజు పెంపు ప్రభావం తెల్ల అమ్మకందారు మీద పడినట్టే పడిందని ఎవరైనా రాస్తే ఒప్పుకోకండి. 20 డాలర్లు రావాల్సినచోట 16 వచ్చినవాడికి 56 సెంట్ల బరువు వేరు.

అందుకే నాకు స్టార్ల సంగతి ఫీజు కంటే పెద్దదనిపిస్తుంది. ముఖం చూసి ధర తగ్గించే సంతలో పుట్టినవాడికి, సరుకు చూసి వేసిన వెయ్యి మంచి మార్కులు మామూలు ఆస్తి కాదు. "నువ్వెవరు?" అన్న ప్రశ్నకు "నా పని చూడు" అని చెప్పుకోగల జవాబు అది. కంపెనీ మార్చేదీ, తూచేదీ, అంగడి మూతపడితే దాంతోపాటే పోయేదీ ఆ జవాబే.

మూతపడటం మన దేశంలోనూ చూశాం. 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని ఈబే ఇక్కడికి వచ్చింది. 2017లో భారత వ్యాపారం ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్ళింది, 2018 ఆగస్టులో సైట్ ఆగిపోయింది. ఇప్పుడు మన అమ్మకందారులకు వేలం కాదు, నిర్ణీత ధరల అంగళ్ళు. కమీషన్, రవాణా, తిరుగు సరుకు ఖర్చు, ప్రకటనల ఖర్చు అని కోతలు వేర్వేరు పేర్లతో వస్తాయి. 2021లో మీషో కమీషన్ సున్నా అని ప్రకటించింది. కమీషన్ తీసుకోని అంగడికీ ప్రకటనల మీద, రవాణా మీద రాబడి ఉంటుంది. ఆశీలు పేరు మారినప్పుడల్లా మొత్తం కూడి చూడాలి, ఒక్క వరుస చూసి సంతోషించకూడదు.

మరి మన దగ్గర ఆ చెయ్యి ప్రయోగం చేయాలంటే? చెయ్యి రంగు ఇక్కడ కులం చెప్పదు. ఇంటిపేరు చెబుతుంది, చిరునామా చెబుతుంది. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం గుర్తుందిగా. ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి ఉద్యోగ దరఖాస్తులు పంపితే దళిత పేర్లకు పిలుపు వచ్చే అవకాశం తగ్గింది. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం అంగడి తన అమ్మకందారు వ్యాపారం పేరు, చిరునామా కొనుగోలుదారుకు అందుబాటులో ఉంచాలి. మోసపోయినవాడికి అది కావాలి, ఆ నియమాన్ని నేను తప్పుపట్టను. కాని తోలు చెప్పులు అమ్మేవాడి వాడ పేరు ఆ చిరునామాలో ఉంటే ధర ఏమవుతుంది? మీలో పీహెచ్‌డీ అంశాల కోసం వెతుకుతున్నవాళ్ళున్నారు. ఆన్‌లైన్‌లో అమ్ముతున్న మనవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఏడాది కోతల లెక్క అడగండి, ఫోన్ తీసి చూపిస్తారు. తర్వాత దుకాణానికి ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో, చిరునామా ఎవరిది ఇచ్చారో అడగండి. ఆ జవాబు కోసం రెండోసారి వెళ్ళాల్సి రావచ్చు.

సమయం అయింది. ప్రశ్నలుంటే అడగండి.