మా తాత ఇచ్చిన ఎకరా



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ మనం ఏటా ఈ పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాం. ఈసారి ఒక్కొక్కరు తమ ఇంటి పెద్దను గురించి మాట్లాడాలన్నారు. నేను మా తాతను గురించి చెబుతాను. ఆయనకు జీతమూ లేదు, పెన్షనూ లేదు. తొంభై ఏండ్లు బతికి, ఎనభై ఏండ్లు పని చేశాడు. ‘గారు’ చేర్చలేదని అనుకోవద్దు. ఆ మాటంటే ఆయనకే కోపం.

మాది ఆలూరు పక్క పల్లె. తాత పుట్టిననాటికి మన ప్రాంతం మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. మా మేనత్తను ఇచ్చిన ఊరు అటు పడింది. తాతకు అదేమీ పట్టలేదు. లెక్క కన్నడంలో వేసేవాడు, తిట్టు తెలుగులో తిట్టేవాడు. ఇకమీద కలెక్టరు కచేరి కర్నూలని చెబితే మాత్రం, “బళ్లారికైతే తెల్లారుజామున బండి కడితే రాత్రికి చేరతాం, ఆ కర్నూలు యాడుందప్పా?” అన్నాడట.

మా ఇంటి ముందు జొన్నల పాతర ఉండేది. ఇప్పటి పిల్లలకు పాతరంటే తెలియదు. భూమిలో గొయ్యి తవ్వి, చుట్టూ చొప్ప పరిచి, గింజలు నింపి, పైన బండ మూసి మన్ను కప్పేవాళ్లు. తెరిచిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు తాత. లోపలి గాలి చెడి ప్రాణాలు పోతాయని భయం. తాడుకు దీపం కట్టి దించేవాడు. ఆరకుండా మండితేనే మనిషి దిగాలి, మొదట తనే దిగేవాడు. 1876-78 నాటి ధాత కరువు కథలు పెద్దలు చెప్పగా విని పెరిగినవాడు. వాన తప్పిన ఏడు పాతర తెరిచి, అడిగినవాళ్లకు కొలిచి పోసేవాడు. లెక్క రాసి పెట్టమని మా నాయన పోరేవాడు. “ఇచ్చేవానికి జ్ఞాపకముంటాది, ఇయ్యనోనికి కాగితమెందుకు?” అనేవాడు.

ఈ కాగితం లేని అలవాటే తర్వాత మా కొంప మీదికి వచ్చింది.

ఊరికి బడి వచ్చినప్పుడు రోడ్డు పక్కన ఎకరా నేల ఇచ్చాడు, నోటిమాటగానే. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయి లెక్కలన్నీ ఆఫీసుకు చేరాయి. నేనప్పుడు రెవెన్యూలో గుమాస్తాను. ఆ కట్టలు సర్దుతుంటే మా ఊరి అడంగల్ చేతికొచ్చింది. బడి ఉన్న సర్వే నంబరు మొత్తం ఇంకా తాత పేరు మీదే ఉంది.

నా తమ్ముడు అప్పటికే బోరు వేయించి, నీళ్లు పడక అప్పుల్లో ఉన్నాడు. “నకలు తీయించన్నా, అది మనదే గదా” అన్నాడు. మూడు రోజులు ఆ పుస్తకం నా బీరువాలో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆశ నాకూ పుట్టిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడను, డెబ్బై దాటాయి కదా.

నాలుగో రోజు తాతకు చెప్పాను.

“బళ్లో పిల్లకాయలు ఎందరురా?” అని అడిగాడు. నాకు తెలియదు. ఇంకేమీ అనలేదు. మరునాడు కట్టె ఊతతో బస్సెక్కి, మా ఆఫీసుకొచ్చి, అర్జీదార్ల వరుసలో నిలబడ్డాడు. నేను లేవబోతే కూర్చోమని చెయ్యి ఊపాడు. తన వంతు వచ్చాక, “రాయి సామీ” అన్నాడు. దానపత్రం చిత్తు నేనే రాశాను. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేసి, సిరా మరక పంచెకు తుడుచుకున్నాడు. అవ్వ ఆ పంచె చూసి తిట్టింది. ఎకరా సంగతి ఏమీ అనలేదు.

తమ్ముడు నాతో మాట మానేశాడు. జీపీఎఫ్‌లో అప్పు తీసి కొంత పంపితే తిప్పి పంపాడు. రెండేళ్లకు తాత పోయాడు. పాడె ముందు కొమ్ము తమ్ముడు పట్టాడు, వెనక కొమ్ము నేను పట్టాను. దారి పొడుగునా ఇద్దరం మాట్లాడుకోలేదు. బడి దగ్గర పాడె దించినప్పుడు వాడు నా భుజం మీది తుండుగుడ్డ తీసుకొని మొహం తుడుచుకున్నాడు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెలవు.