జ్వరం వెనుక క్రిమి

ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా జ్వరం రాగానే మందుల షాపుకు పోయి మాత్రలు తెచ్చుకునేవాళ్లు ఎందరో. అంటువ్యాధుల నిపుణులు మాత్రం ముందు ప్రశ్నలు అడుగుతారు. ఏ ఊరికి పోయొచ్చారు? ఏ నీళ్లు తాగారు? గొర్రెలు, మేకలు కాస్తారా? కాచని పాలు తాగారా? పచ్చిపాలతో వచ్చే బ్రూసెల్లోసిస్ అనే జ్వరం వారాల తరబడి వేధిస్తుంది. యాంటీబయాటిక్ వేయకముందే రక్తం తీసి కల్చర్ పరీక్షకు పంపితే క్రిమి దొరికే అవకాశం ఎక్కువ.

ఇలా క్రిమిని వెతకడానికి ఓపిక కావాలి. 1897లో సికింద్రాబాద్‌లో వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది అలాంటి ఓపికతోనే.

అంటువ్యాధుల నిపుణులు కావాలంటే ఎంబీబీఎస్ 5½ ఏళ్లు, ఎండీ 3, డీఎం మరో 3 ఏళ్లు.

అంత చదివినవారు రాయాల్సిన మందును మనంతట మనం కొనొద్దు. రాసిన కోర్సును మధ్యలో ఆపొద్దు. పాలు కాచి తాగండి.