పేరు మనది, తాళంచెవి ఎవరిది?

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ముందు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను.

కిందటేడు ఒక మధ్యాహ్నం నేను పాఠం చెబుతుండగా ఫోనుకు మెసేజి వచ్చింది. హైదరాబాదులో నా స్కూటరు పరిమితికి మించిన వేగంతో వెళ్లిందట. వెయ్యి రూపాయల జరిమానా, 35 రూపాయల రుసుము కట్టాలి. ఫోటోలో బండి నంబరు స్పష్టంగా ఉంది. నడుపుతున్న మనిషి వీపు కూడా స్పష్టంగానే ఉంది. ఆ చొక్కా నేను కొన్నదే. పదిహేడేళ్ల మా అబ్బాయిది.

"మగపిల్లాడు, ఆమాత్రం దూకుడు ఉండదా?" అన్నారు మా అత్తగారు. "కట్టేస్తే పోతుంది, ఇంత రాద్ధాంతం ఎందుకు?" అన్నాడు నా సహచరుడు. నేనూ కట్టేశాను. ఎవరు నడిపారని నన్నెవరూ అడగలేదు. ఆ రాత్రి చట్టం తీసి చదివాక మాత్రం నిద్ర పట్టలేదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ ద్వారా 199ఏ సెక్షను చేరింది. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకులు లేదా బండి యజమాని దోషులవుతారు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దవుతుంది. పిల్లవాడికి పాతికేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. తనకు తెలియకుండా జరిగిందని గాని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని గాని యజమానే రుజువు చేసుకోవాలి. తాళంచెవి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతుంటే నేనేమని రుజువు చేసుకోను? లైసెన్సు లేనివాళ్లు ప్రమాదం చేస్తే, బాధితులకిచ్చిన పరిహారాన్ని ఇన్సూరెన్సు కంపెనీ యజమాని నుంచి రాబట్టుకోవచ్చు కూడా.

ఇది నా ఒక్క ఇంటి సంగతి కాదు. ఆస్తి స్త్రీల పేరున ఉండాలని మనం పోరాడాం. పొదుపు సంఘం అప్పుతో కొన్న బండి ఆమె పేరునే ఉంటుంది. నడిపేది భర్తో కొడుకో. రిజిస్ట్రేషనులో ఇచ్చిన ఫోను నంబరు కూడా అతనిదే. చలానా వచ్చిన సంగతే ఆమెకు తెలియదు. తీరా కట్టని చలానా కోర్టుకు వెళితే పిలుపు వచ్చేది ఆమె పేరునే. ఎవరు నడిపారో చెప్పమని పోలీసులు అడిగితే 133 సెక్షను ప్రకారం చెప్పవలసిన బాధ్యత కూడా ఆమెదే. భర్త పేరు చెప్పి ఇంట్లో ఎలా బతకాలన్నది చట్టానికి పట్టదు. వాహనం మీద హక్కు కాగితానికే పరిమితమై, బాధ్యత మాత్రం నిజంగా మీద పడుతోంది.

కాబట్టి మీ సంఘాల్లో మొదట ఈ పని చెయ్యండి. బండి ఉన్న ప్రతి సభ్యురాలి రిజిస్ట్రేషను కాగితం తీయించి, అందులో ఆమె ఫోను నంబరే ఉందో లేదో చూడండి. చలానాలేమైనా ఉన్నాయేమో వెతికించండి. 2023 డిసెంబరులో తెలంగాణలో ద్విచక్ర వాహనాల పాత చలానాల మీద 80 శాతం తగ్గించారు గదా అని మళ్లీ తగ్గింపు కోసం కాచుకుని కూర్చోవద్దు. కోర్టు నోటీసు వస్తే భయపడి దాచవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు.

చివరిగా ఒక మాట. మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు. లైసెన్సు ఉంది. అయినా స్కూటరు తీయాలంటే ప్రతిసారీ అడిగేది, చీకటి పడకముందే తిరిగి వచ్చేది. లైసెన్సు లేని అబ్బాయి ఎన్నడూ అడగలేదు. ఇరవై ఏళ్లుగా జెండర్ గురించి పాఠాలు చెబుతున్న నాకు ఈ తేడా చలానా వచ్చేదాకా కనబడలేదు.

ఇప్పుడు మా అబ్బాయి బస్సులో వెళుతున్నాడు. మేకు ఖాళీగా ఉంది. తాళంచెవులు రెండే. ఒకటి నా సంచిలో, రెండోది మా అమ్మాయి దగ్గర.